పలుగురాతిలోని పసిడి

మిరప కళ్ళములు ముగిసి, ప్రత్తి విక్రయమై, బాకీలు తీరిన పిమ్మట చేతిలో నేమైన మిగిలినచో, గుంటూరు సీమలో గృహస్థు తలపెట్టు మొదటి పని కాసు బంగారము కొనుట. ఆ కాసు కూతు పెండ్లినాటికి గొలుసగును. పంట పోయిన యేట తాకట్టునకు బోయి ఎరువులై, విత్తనములై మరల చేనికే చేరును. మనకు బంగారము భూషణము మాత్రమే కాదు, ఆపదలో నిలుచు చుట్టము. కనుకనే కొనునపుడు మిక్కిలి జాగరూకతతో కొందుము. వన్నె చూతుము, తరుగెంత యని యడుగుదుము, మజూరి గూర్చి కంసాలితో వాదింతుము. ఇది యే గనిలో బుట్టినది, దీనిని రాతినుండి వేరుచేసిన వారెవరు అని యడిగిన యాడుదానిని మాత్రము నేనింతవరకు చూడలేదు. అడిగినను అంగడివాడు చెప్పలేడు. కరగిన బంగారమునకు పుట్టినిల్లు తెలియదు గదా!

కాసనగా 8 గ్రాములు. కోలారు గనులు నడచినంత కాలములో సుమారు 5 కోట్ల టన్నుల రాతినుండి 800 టన్నుల బంగారము లభించినదని లెక్క. ఆ లెక్కను మన పెట్టెలోని కాసునకు వర్తింపజేసినచో కాసొక్కటికి అరటన్ను రాయి కావలెను. 75 కిలోల వడ్ల బస్తాలతో కొలిచిన దాదాపు ఏడు బస్తాలు. అవి వడ్లు కావు, ఇనుముపై గీతపెట్టగల పలుగురాయి. ఆ ఏడు బస్తాలను బియ్యపుపిండికంటె మెత్తగా నూరినగాని అందలి కాసెత్తు బంగారము బయటపడదు. యంత్రములు పుట్టకముందు ఈ నూరుట యెవరు చేసిరి? బంగారపు చరిత్రలో రాజుల పేరులును, కంపెనీల పేరులును విరివిగా గానవచ్చును. రోటియొద్ద నిలిచిన వారి పేరు వెదకి చూడవలసియున్నది.

మా గుంటూరు సీమలో బంగారు గనులు లేవు. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల యొద్ద పూర్వులు రాగికొరకు త్రవ్విన గుంటలు కలవు. పిమ్మట ఆ చుట్టుపట్ల సీసమును గూడ త్రవ్విరి. బంగారము కావలెనన్న నల్లమలను దాటి పడమటికి బోవలెను. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, అనంతపురమునకు దక్షిణమున రామగిరి, కన్నడదేశపు రాయచూరు సీమలో హట్టి, మస్కి, తెలుగువారు వేలకొలదిగా నివసించు కోలారు, ఇవి దక్షిణాపథమున పేరొందిన పసిడినేలలు. వింత యేమనగా వీనిలో హెచ్చుభాగము వాన కురియని నేలలే. అనంతపురమున సంవత్సరమంతయు గలిపి కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. ఎడారి యన్న నిసుకతిన్నెలే యనుకొనువారికి ఇది యెడారి గాకపోవచ్చును. బిందె చంకనిడి క్రోసుదూరము నడచు ఇల్లాలి నడిగిన వేరు సమాధానము వచ్చును.

భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పునది యిది. దాదాపు 250 కోట్ల సంవత్సరములకు బూర్వము, నేల లోతున మరుగుచున్న వేడినీరు నల్లరాతి పగుళ్ళలోనికి జొచ్చి, తనలో కరగియున్న పలుగుపదార్థమును, కొద్దిపాటి బంగారమును అచట విడిచినది. అది గట్టిపడి తెల్లని చారగా నిలిచినది. నల్లచీరకు తెల్లయంచు నేసినట్లు కొండప్రక్కలను ఆ పలుగుచారలు గానవచ్చును. పలుగురాయి యున్న చోటులన్నిట బంగారముండదు. ఉన్నచోటను, కంటికి గనబడు రేణువులు అరుదు. మన పూర్వులు ఈ చారలను జూచి, ఏది గొడ్డో ఏది పండునో గుర్తుపట్టిరి. ఎట్లు గుర్తుపట్టిరో వ్రాసిపెట్టలేదు. కాని వారు త్రవ్వినచోటనే నేటివారును త్రవ్వుచుండుటయే వారి నేర్పునకు సాక్ష్యము.

హట్టియొద్ద వారు దిగిన లోతు విన్న ఆశ్చర్యమగును. 600 అడుగులకు మించి పోయిరి! మన యూరి మంచినీటి బావులు ఎన్నింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో నంత లోతగునో తలచుకొనుడు. ఆ గుంటలలో దొరకిన పాత కలపముక్కలను ఈ కాలపు పద్ధతిని బరీక్షింపగా సుమారు రెండువేల యేండ్ల నాటివని తేలినది. తుపాకిమందు లేని కాలమది. రాతిని పగులగొట్టుటకు వారికున్న సాధనములు నిప్పు, నీరు, ఉలి, సుత్తి. రాతిగోడ కెదురుగా కట్టెలు పేర్చి, నిప్పంటించి, రాయి యెర్రగా కాగిన పిదప చల్లని నీరు గుమ్మరింతురు. కాగిన పెనముపై నీరు చిలికించిన ధ్వని మనకు దెలిసినదే. ఆ చప్పుడు నూరంతలై, రాయి బీటలువారును. పొగ పోవుటకు దారి లేని యిరుకు సందులలో, ఆముదపు దీపముల వెలుతురున, ఈ పని ఎట్లు చేసిరో!

దీనికి రెండు వస్తువులు సమృద్ధిగా నుండవలెను. కట్టెలు, నీరు. ఆ రెండును లేని దేశములోనే ఈ పని జరిగినది. పైగా గని లోతుకు పోవుకొలది నీరు శత్రువగును. పైన త్రాగుటకు నీరుండదు, క్రింద ఊట యూరి గుంటలు మునుగును. ఆ ఊటను కుండలతో, తోలుతిత్తులతో పైకి చేదవలసినదే.

త్రవ్విన రాయి పైకి వచ్చిన తరువాత చేయవలసినది నూరుట. హట్టి పరిసరములలోని నల్లరాతి బండలమీద ఈనాటికిని రోళ్ళవంటి గుంటలును, సన్నికంటివలె నరిగిన పల్లములును గలవు. కొన్ని గుంటలు లోపల నున్నగా మెరయుచుండును. మిరపకాయలు దంచిన పిమ్మట రాత్రియంతయు మండు చేతులు మన ప్రాంతమున అందరికిని తెలిసినవే. పలుగురాతిధూళి చేతిని గాక ఊపిరితిత్తులను బట్టును. ఆ రోగమునకు వైద్యము నేటికిని లేదు.

ఇక మన గ్రంథములేమి చెప్పుచున్నవో చూతము. బాల్యమున అమరకోశము వల్లించినవారికి బంగారమునకు గల పందొమ్మిది పేరులు నోటికి వచ్చును. కంసాలికి నాలుగు పేరులు గలవు. గనికి ఖని, ఆకరము అని రెండు గలవు. రాయి నూరిన దానికి నాకు పేరు గానరాలేదు. కౌటిల్యుడు మాత్రము గనులనుగూర్చి లోకజ్ఞానముతో వ్రాసెను. గనినుండి కోశము, కోశమునుండి సైన్యము పుట్టునని ఆయన మతము. ఖర్చు హెచ్చుగా నగు గనిని భాగమునకో కౌలునకో ఇచ్చివేయవలెననియు, సులభముగా నడచు గనిని రాజు తానే నడుపుకొనవలెననియు జెప్పెను. ఈ మాట నేటి ప్రభుత్వముల నోటను వినవచ్చుచున్నదే! అనుమతి లేక గనిని త్రవ్వుకొని బ్రతుకువానిని బంధించి పని చేయింపవలెనని గూడ నందున్నది. గనులలో బంధితుల చాకిరి ఆ కాలపు రాజనీతికి క్రొత్త గాదన్నమాట.

మౌర్యుల కాలమున దక్షిణమున సువర్ణగిరి యను పట్టణముండెను. మైసూరు సీమలోని బ్రహ్మగిరి శాసనమున, సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును ఆజ్ఞ పంపుచున్నట్లున్నది. ఆ సువర్ణగిరి మన జొన్నగిరియే యని కొందరు, మస్కి ప్రాంతమని కొందరు, కనకగిరి యని మరికొందరు పండితులు వాదించిరి. వాదమెట్లున్నను, జొన్నగిరికి చేరువనున్న ఎర్రగుడియొద్ద అశోకుని శాసనములుండుట, మస్కియొద్దను ఆయన శాసనముండుట, రెండును బంగారపు నేలలే యగుట గమనింపదగినది. మస్కి శాసనము బయటపడిన కథ మరియు చక్కనిది. 1915లో బీడన్ అను గని ఇంజనీయరు బంగారమును వెదకుచు ఆ గుట్టలలో తిరుగుచుండగా వ్రాతగల బండ యొకటి కంటబడెను. అంతవరకు శాసనములందు దేవానాంప్రియుడని, ప్రియదర్శియని మాత్రమే తెలిసిన రాజు అశోకుడే యని ఆ బండమీది పేరువలన తేటపడినది. పసిడి వెదకబోయినవానికి చక్రవర్తి పేరు దొరకినది!

బంగారమును గూర్చిన కల్పనలకును కొదువ లేదు. ధర్మరాజు రాజసూయమునకు ఉత్తరదేశపు జనులు పిపీలికములను బంగారమును కానుకగా దెచ్చిరని సభాపర్వమున గలదు. చీమలు త్రవ్వి పైకి బోసిన బంగారమని దాని యర్థము. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు ఇదే కథను పెంచి, హిందూదేశపు ఎడారిలో నక్కలకంటె పెద్దచీమలు బంగారపు టిసుకను త్రవ్వునని వ్రాసెను. చీమలు కాక, హిమాలయములకావల బొరియలు త్రవ్వు ఉడుతజాతి జంతువులే ఈ కథకు మూలమని మన కాలమున నొక యాత్రికుడు చెప్పెను. కావచ్చును. కాని కథ చెప్పినవారికి ఒక సౌకర్యమున్నది. చీమలు త్రవ్వినవన్న, మనుష్యుల శ్రమనుగూర్చి యడుగవలసిన పని యుండదు.

దక్షిణాపథపు గనులలో రాయి నూరినవారిని గూర్చి ఆ నాటివారి వ్రాత మనకు లేదు. అట్టి వ్రాత కావలెనన్న నిజమైన యెడారికే పోవలెను. ఈజిప్టు దేశమున నైలునదికిని ఎర్రసముద్రమునకును నడుమ గల మరుభూమిలో, మన గనులకంటె ముందే బంగారము తీయుచుండిరి. క్రీస్తునకు పూర్వము 1150 ప్రాంతమున వ్రాసిన యొక పటము, జమ్ముకాగితముపై నున్నది, ఇటలీలోని ట్యూరిను నగరమున భద్రముగా నున్నది. కొండలు, దారులు, బావి, పనివారి యిండ్లు అందు గుర్తింపబడినవి. బంగారు కొండలకు ఎరుపురంగు వేసిరి.

ఆ దారులలో దప్పిచేతనే అనేకులు మరణించిరి. రెండవ రామెసీసు రాజు వేయించిన శాసనమొకటి ఆ గోష్ఠిని జెప్పుచున్నది. బంగారము కడుగుటకు పోవువారిలో సగము మంది గాడిదలతో గూడ దారిలోనే చచ్చుచుండిరట. ఆయన తండ్రి సేటి 120 మూరల లోతు బావి త్రవ్వించినను నీరు పడలేదట. కుమారుడు త్రవ్వింపగా 12 మూరలలోనే పడినదట. ఆస్థానలేఖకుని స్తుతివాక్యమిందెంత గలదో పాఠకురాండ్రే యూహింపవచ్చును. తండ్రి ఓడినచోట కొడుకు గెలిచెననుట రాజులకు ప్రీతికరము. కాని దప్పితో చచ్చినవారు కల్పన గారు.

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున అగథార్కిడీసు అను గ్రీకు పండితుడు ఆ గనులను వర్ణించెను. ఆతని గ్రంథము నష్టమైనను, ఆ వర్ణనను డయొడోరసు అను చరిత్రకారుడు తన గ్రంథమున జేర్చుటచే మనకు మిగిలినది. నేరస్థులను, యుద్ధమున చిక్కినవారిని, రాజాగ్రహమునకు గురియైనవారిని ఒక్కొక్కప్పుడు కుటుంబములతో సహా గనులకు పంపుచుండిరి. బలవంతులు నిప్పుచే వదులైన రాతిని సుత్తులతో గొట్టుదురు. పసిబాలురు ఇరుకు సొరంగములలో దూరి రాళ్ళను ఏరి పైకి దెత్తురు. ముప్పది యేండ్లు దాటినవారు వానిని ఇనుప రోకళ్ళతో దంచి, గింజలంత చేయుదురు. ఆ గింజలు స్త్రీలకును ముసలివారికిని అందును. తిరగళ్ళు వరుసగా నుండును. ఒక్కొక్క పిడియొద్ద ఇద్దరు ముగ్గురు నిలిచి, రాతిగింజలు మెత్తని పిండియగువరకు త్రిప్పుదురు. కట్టుకొనుటకు బట్ట లేదు. రోగియని, వృద్ధుడని, అబల యని దయ చూపరు. ప్రాణము పోవువరకు కొట్టి పని చేయింతురు. బ్రతుకుకంటె చావే మేలని వారు కోరుకొందురని ఆతడు వ్రాసెను.

తిరగలియొద్ద ఇద్దరు కూర్చుండి పిడి పట్టుకొని త్రిప్పుట మనకు ఎంత పరిచితమైన దృశ్యము! మనకది పాటతో సాగు పని. పండుగనాటి పిండివంటలకు ముందు నడచు పని. ఆ మరుభూమిలో అదే భంగిమ, అదే పిడి. ఎడారులలో ఆ తిరగలిరాళ్ళు నేటికిని దొరకుచున్నవి. ఫారోల బంగారు ముసుగులను జూచుటకు ప్రపంచమంతయు క్యూలో నిలుచుచున్నది. ఆ రాళ్ళను జూచుటకు నిలుచువారు తక్కువ.

దీనినిబట్టి హట్టిలోను రామగిరిలోను గూడ బానిసలే పనిచేసిరని నిర్ణయించుట తగదు. అది వేరు దేశము, వేరు రాజ్యము. ఇచట కూలివారో, వంశపారంపర్యముగా ఆ విద్య నేర్చినవారో పనిచేసియుండవచ్చును. కాని నూరుట స్త్రీల పాలబడుట మాత్రము ఈజిప్టునకే పరిమితము గాదనుటకు మన దగ్గరనే కన్నులార చూచిన సాక్షి యున్నాడు.

1799లో టిప్పుసుల్తాను పతనమైన పిమ్మట, మైసూరు సరిహద్దులను కొలుచుటకు ఆంగ్లేయులు లెఫ్టినెంటు జాన్ వారెన్ అను నుద్యోగిని నియమించిరి. 1802లో ఆతడు కోలారు సీమలోని ఉరిగాము ప్రాంతమునకు వచ్చి, అచట బంగారము దొరకునను వదంతి విని, చూపినవారికి బహుమానమిత్తునని చాటించెను. గ్రామస్థులు బండినిండ మన్ను దెచ్చి, ఆతని యెదుటనే కడిగి పసిడిరేణువులు చూపిరి. పిదప మారికుప్పమున ఆతడు గని పనినే చూచెను. పురుషులు గుంటలలో దిగి రాయి తీసి, గంపలను ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పైకి అందించుచుండిరి. పైన స్త్రీలు ఆ రాళ్ళను పెద్దబండపై వేసి దంచి పొడిచేయుచుండిరి. ఆ పొడిని బావియొద్దకు గొనిపోయి కడుగుదురు. అగథార్కిడీసు చెప్పిన క్రమమే. రెండువేల యేండ్లలో దంచు చేతులు మారలేదు.

తరువాతి కథ కంపెనీలది. 1875లో మైకేల్ లవెల్ అను ఐరిషు మాజీ సైనికుడు కోలారున త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880లో జాన్ టైలర్ కంపెనీ ప్రవేశించెను. మొదటి సంవత్సరములు నష్టములే. మూలధనము హరించుకుపోవుచున్న సమయమున, ప్లమ్మరు అను గని యధికారి పూర్వుల పాతగుంటల జాడబట్టి త్రవ్వింపగా, లోకప్రసిద్ధమైన ఛాంపియన్ పలుగుచార చిక్కినది. ఆ చారను మొదట గనుగొన్నవారు పాతగుంటలు త్రవ్విన ఆ పేరులేనివారే యని నేననుకొందును. ఖ్యాతి ప్లమ్మరునకు దక్కినది.

అప్పుడు రోలు రోకళ్ళు యంత్రములైనవి. వరుసగా నిలిచిన ఇనుప రోకళ్ళు రేయింబవళ్ళు లేచి పడుచు రాతిని దంచెడివి. రూపము మన రోకలిదే, చేయి మాత్రము ఆవిరిది, పిదప విద్యుత్తుది. 1902లోనే కావేరిమీది శివసముద్రమునుండి ఈ గనులకు విద్యుత్తు వచ్చినది. బెంగుళూరు వీథులలో దీపములు వెలిగినది ఆ తరువాత. దంచిన పొడిని పాదరసము పూసిన రాగిరేకులపై బారించిన బంగారము పాదరసమును బట్టుకొనును. మిగిలిన పొడిని సయనైడు కలిపిన నీట నానవేసిన అందు దాగిన బంగారమును కరగివచ్చును. సయనైడు ఘోరవిషమని వేరుగ జెప్ప నక్కరలేదు.

కోలారు గనులు 10,000 అడుగుల లోతు దాటినవి. అచట రాతి వేడిమి 60 సెంటిగ్రేడు డిగ్రీలకు మించినది. పైనున్న భారము వలన రాతిగోడలు ఒక్కసారిగా ప్రేలుచుండెడివి. పైన వీథులలోని యిండ్లలో గిన్నెలు కదలిన, ప్రతి ఇల్లాలును తన భర్త ఏ పాళీలో దిగెనో లెక్కించుకొనవలసినదే. స్త్రీలు గనిలోపల పనిచేయుటను 1952 నాటి గనుల చట్టము నిషేధించినది. రక్షణ కొరకే యనిరి. 2019లో నియమములను సడలించి, యజమాని భద్రతలు చూపినచో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు స్త్రీలను భూగర్భమునకు దింపవచ్చుననిరి. రెండువేల యేండ్లు రాయి నూరినవారికి గనిలోనికి త్రోవ దొరకుట క్రొత్త వార్త యగుట విచిత్రము.

కోలారు గనులను 1956లో మైసూరు ప్రభుత్వము స్వాధీనపరచుకొన్నది. బంగారము పలుచనై, ఖర్చు హెచ్చి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. సయనైడుతో కడిగిన పొడి మూడుకోట్ల టన్నులకు పైబడి గుట్టలుగా నచట మిగిలినది. గాలి వీచినపుడు ఆ ధూళి యిండ్లలోనికి వచ్చును. ఆరవేసిన బట్టలమీద, వండిన యన్నముమీద బడు ఆ పొడిని తుడుచుట మరల నెవరి పని యైనదో చెప్పనక్కర లేదు.

మన రామగిరి కథ చిన్నది. పూర్వులు త్రవ్విన గుంటల నాధారము చేసికొనియే 20వ శతాబ్దారంభమున టైలర్ కంపెనీవారచట గనులు తెరచి, 1927లో విడిచిపోయిరి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వపు కంపెనీ మరల తెరచినది. కోలారుతోపాటు 2001లో అదియు మూతపడినది. ఆ ప్రాంతము 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. హట్టి మాత్రము 1920లో మూతపడి 1947లో తిరిగి తెరువబడి, నేటికిని నడచుచున్నది.

జొన్నగిరియొద్ద ఒక ప్రైవేటు కంపెనీ ఇటీవల కౌలు పొంది గని పనికి పూనుకొన్నది. ఆ చుట్టుపట్ల తుగ్గలి, మద్దికెర పొలములలో తొలకరి వాన పడినంతనే, ఇరుగుపొరుగు జిల్లాలనుండి వచ్చినవారు సద్దిమూటలతో దిగి, వాన కడిగిన నేలలో వజ్రములు వెదకుచుందురు. వారిలో స్త్రీలెక్కువగానే యుందురు. వంగి, రాయి రాయి త్రిప్పి చూచుచు, పొద్దు వాలువరకు. పెక్కుమందికి దొరకునవి పలుగురాళ్ళే.